ఒక మోడరేటర్, ఐదు తెరలు

ఈ నెల మా పెట్టెలో పడ్డ ఉత్తరాల్లో చాలావరకు గేమ్ మోడరేటర్లవే. మైన్‌క్రాఫ్ట్ (దిమ్మెలతో కట్టే ఆట) సర్వర్లు, డిస్కార్డ్ (ఆటగాళ్లు మాట్లాడుకునే యాప్) గుంపులు, బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే తుపాకీల ఆట) రూములు, యూట్యూబ్ లైవ్ చాట్‌లు కాపలా కాసేవాళ్లు రాశారు. వాళ్ల ఇళ్లలోవాళ్లూ రాశారు. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్ల పేర్లతో సరిపెడుతున్నాం.

ప్ర: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడు. రాత్రి తొమ్మిదవగానే రెండు మానిటర్లు, లాప్‌టాప్, రెండు ఫోన్లు ముందేసుకుని కూర్చుంటాడు. గేమ్ ఆడుతున్నావా అంటే, "ఆడట్లేదమ్మా, చూస్తున్నా" అంటాడు. జీతం ఎంతరా అంటే నవ్వి ఊరుకుంటాడు. అసలు వీడు చేస్తున్నదేంటి? (ఓ అమ్మ, తెనాలి)

జ: అబ్బాయి నిజమే చెబుతున్నాడమ్మా. పెళ్లిలో వడ్డన చూసుకునే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు కదా. తను ఒక్క ముద్ద తినడు. ఏ బంతిలో సాంబారు అందలేదో, ఎవరు రెండోసారి కూర్చున్నారో, ఏ ఇద్దరు బావమరుదులు కొట్టుకోబోతున్నారో అన్నీ ఆయనకే కావాలి. చివరికి మాటపడేదీ ఆయనే. మీవాడిది సరిగ్గా ఆ పనే.

ఎదురుగా ఉన్న తెర మీద ఆటగాళ్ల చాట్ నడుస్తుంటుంది. పక్క తెర మీద డిస్కార్డ్: ఫిర్యాదులు, గొడవలు, "నన్నెందుకు బ్యాన్ చేశారు" అనే వేడుకోళ్లు. లాప్‌టాప్‌లో స్ట్రీమర్, అంటే తన ఆటను యూట్యూబ్‌లో చూపించేవాడి లైవ్. ఒక ఫోన్‌లో మోడరేటర్ల వాట్సాప్ గ్రూపు. రెండో ఫోన్ మటుకు గేమ్ ఆడటానికే అయ్యుండొచ్చు, అది మీరే తేల్చుకోండి.

జీతం సంగతికొస్తే, సర్వర్లలో, స్ట్రీమర్ల చాట్‌లలో మోడరేటర్లు ఎక్కువగా ఊరికే చేసేవాళ్లే. జీతమిచ్చి పెట్టుకునే గేమ్ కంపెనీలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో కంటెంట్ మోడరేషన్ ఆఫీసులున్నాయి గానీ అక్కడి షిఫ్టులు, టార్గెట్లు వేరే లోకం. మీరు వాణ్ని అడగాల్సింది జీతం గురించి కాదమ్మా. "నీ షిఫ్ట్ ఎన్నింటికి అయిపోతుంది? నీ తరవాత ఎవరు కూర్చుంటారు?" అని అడగండి. రెండు గంటలు కూర్చుని, ఏం జరిగిందో నాలుగు లైన్లు రాసి, తరవాతి వాడికి అప్పజెప్పి లేచేది మంచి టీమ్. "నా తరవాత ఎవరూ లేరమ్మా" అన్నాడంటే తప్పు మీవాడిది కాదు, ఆ సర్వర్ ఓనరుది. ఆ మాట ఓనరుతో చెప్పమనండి.

ప్ర: 24 అంగుళాల మానిటర్లు రెండున్నాయి. అయినా ఏదో ఒకటి కన్నుగప్పి జారిపోతూనే ఉంది. మూడోది కొంటే తీరుతుందా? (గాజువాక)

జ: తీరదు. ఇప్పుడు రెండు చోట్ల జారిపోతున్నవి రేపు మూడు చోట్ల జారిపోతాయి. డబ్బు అట్టే పెట్టుకోండి, ముందు ఈ పని చేయండి.

మీరు కనిపెట్టుకుని ఉండేవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని పక్కన ఒకటే ప్రశ్న వేసుకోండి: దీన్ని పది నిమిషాలు ఆలస్యంగా చూస్తే ఏం పోతుంది? మైన్‌క్రాఫ్ట్‌లో ఎవడో ఎవరి ఇల్లో కూల్చాడు. ఏమీ పోదు. కోర్‌ప్రొటెక్ట్ ప్లగిన్ (సర్వర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఉంటే ఎవరు ఏ బ్లాక్ తీశారో, ఎప్పుడు తీశారో రాసిపెట్టుకుంటుంది, రేపు పొద్దున్నైనా ఇల్లు తిరిగి నిలబెట్టొచ్చు, దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. డిస్కార్డ్‌లో ఎవరు ఎవర్ని తీసేశారో ఆడిట్ లాగ్‌లో 45 రోజులు ఉంటుంది. అన్‌బ్యాన్ అర్జీ రేపటిదాకా ఆగినా కొంప మునగదు. చాట్‌లో ఒకడు ఇంకొకడి ఫోన్ నంబరు పెట్టేశాడు, లేదా చిన్నపిల్లని పట్టుకుని ఏ ఊరు, ఏ స్కూలు అని ఆరా తీస్తున్నాడు అనుకోండి. అక్కడ పది సెకన్లు కూడా ఎక్కువే. చదివినవాళ్ల బుర్రలోంచి నంబరును రోల్‌బ్యాక్ చేసే ప్లగిన్ ఇంకా రాలేదు.

కాబట్టి లైవ్ చాట్ మీ ముక్కుకెదురుగా ఉండాలి. మిగతావన్నీ మిమ్మల్ని పిలవాలి తప్ప మీరు వాటి కోసం తెరలన్నీ వెతుక్కోకూడదు. డిస్కార్డ్‌లో సర్వర్ (అక్కడ గుంపునే అలా అంటారు) మొత్తానికి నోటిఫికేషన్లు "మెన్షన్లు మాత్రమే", అంటే మీ పేరు పెట్టి పిలిచినవి మాత్రమే, అని పెట్టి, ఫిర్యాదుల చానెల్ ఒక్కదానికే అన్ని మెసేజ్‌లకూ మోగేలా ఉంచండి. నలభై చానెళ్లూ టింగ్‌మంటుంటే పావుగంట తిరక్కుండా ఆ చప్పుడు చెవికి ఆనడం మానేస్తుంది.

మైన్‌క్రాఫ్ట్ సర్వరైతే డిస్కార్డ్ ఎస్‌ఆర్‌వీ అనే ప్లగిన్ పెట్టించండి. గేమ్‌లోని చాట్‌ను డిస్కార్డ్ చానెల్‌లోకి, అక్కడి మాటలను గేమ్‌లోకి మోసుకుపోతుంది. దాంతో ఒక తెర పూర్తిగా ఖాళీ అవుతుంది. గేమ్ విండో తప్పనిసరిగా వెనక తెరిచి ఉంచాలంటే కంప్యూటర్ మీద భారం తగ్గేలా ఫ్రేముల పరిమితి 30కి, రెండర్ దూరం (ఆటలో ఎంత దూరం కనపడాలన్నది) ఐదారు చంక్‌లకు దించండి. వేరే విండోకి వెళ్లగానే పాజ్ మెనూ అడ్డొస్తుంటే ఎఫ్3, పి కలిపి నొక్కితే ఆ అలవాటు మానుతుంది. ఒకే అకౌంట్‌తో ఒకే సర్వర్‌లోకి రెండు విండోల్లో దూరి రెండు చోట్ల కాపలా కాద్దామనే తెలివి కొందరికి వస్తుంది. రెండోది లోపలికి రాగానే మొదటిది "మరో చోటి నుంచి లాగిన్ అయ్యారు" అని బయటపడుతుంది. మీరు మిమ్మల్నే గెంటేసుకున్నట్టు.

మానిటర్లు రెండూ సమానంగా పెట్టి వాటి అతుకు ముక్కుకెదురుగా వచ్చేలా కూర్చుంటే మెడ రాత్రంతా ఏదో ఒక పక్కకే తిరిగి ఉంటుంది. ఒకటి నేరుగా, చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకోండి. రెండోది పక్కన, మీ వైపు కొంచెం తిప్పి పెట్టండి. అక్షరాలు 125 శాతానికి పెంచండి. చిన్న అక్షరాలతో ఎక్కువ మెసేజ్‌లు పడతాయన్నది నిజమే గానీ, పట్టినంత మాత్రాన చదివినట్టు కాదు.

ప్ర: మోడరేటర్ల చానెల్‌లో రాయాల్సింది అందరూ చూసే చానెల్‌లో రాసేస్తున్నాను. మొన్న "వీణ్ని ఇంకో రెండు రోజులు చూసి పంపిద్దాం" అని రాస్తే ఆ "వీడే" థమ్సప్ కొట్టాడు. (హన్మకొండ)

జ: థమ్సప్ కొట్టాడంటే సంస్కారవంతుడు, ఉండనివ్వండి.

స్టాఫ్ మాటలు అదే సర్వర్‌లో దాచిన చానెల్‌లో నడిపితే ఇది జరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే రెండు పెట్టెలూ ఒకేలా ఉంటాయి, పైగా పక్కపక్కనే ఉంటాయి. స్టాఫ్‌కి వేరే సర్వర్ పెట్టండి. దాన్ని యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో, రెండో మానిటర్ మీద మాత్రమే తెరవండి. యాప్ అంటే జనం, బ్రౌజర్ అంటే స్టాఫ్ అని చెయ్యి వారంలో నేర్చుకుంటుంది. సగం రాసి వదిలేసిన వాక్యాన్ని డిస్కార్డ్ ఆ చానెల్ పెట్టెలోనే దాచిపెడుతుందని కూడా గుర్తుంచుకోండి. గంట తరవాత అదే చానెల్‌కొచ్చి "సరే" అని ఎంటర్ కొడితే పాత సగం, కొత్త "సరే" కలిసి వెళ్తాయి. అవి కలిశాక వచ్చే అర్థానికి బాధ్యత మీదే.

మైన్‌క్రాఫ్ట్‌లో కమాండ్ ముందు స్లాష్ మర్చిపోతే కమాండ్ మొత్తం అందరికీ మాటలా కనిపిస్తుంది. టి నొక్కి చాట్ తెరిచి, తరవాత స్లాష్ కొట్టే అలవాటు మానండి. నేరుగా స్లాష్ మీటనే నొక్కండి, చాట్ పెట్టె స్లాష్‌తో సహా తెరుచుకుంటుంది. పైబాణం నొక్కి పాత కమాండ్ తెచ్చుకునేటప్పుడు పేరు చదివి ఎంటర్ కొట్టండి. గంట క్రితం బ్యాన్ చేసిన లైను అక్కడే కాచుకుని ఉంటుంది.

అసలు పేరు టైపు చేయడమే తగ్గించండి. కొందరు పెద్ద "ఐ"కీ చిన్న "ఎల్"కీ తేడా కనపడదని తెలిసే ఆ పేర్లు పెట్టుకుంటారు. ఇంగ్లీషు "ఓ" ఉండాల్సిన చోట సున్నా పెడతారు. డిస్కార్డ్ సెట్టింగ్‌లలో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ఎవరి పేరు మీదైనా కుడి మౌస్ నొక్కి ఐడీ కాపీ చేసుకోవచ్చు. పేరు రోజుకోటి మారినా ఆ పొడుగాటి సంఖ్య మారదు. మైన్‌క్రాఫ్ట్‌లో పేరు 30 రోజులకోసారి మార్చుకోవచ్చు, యూయూఐడీ (అకౌంట్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) మాత్రం మారదు.

ప్ర: నేను టైప్ చేస్తుంటే మా వాయిస్ చానెల్‌లో మా ఇంట్లో మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయట. మైక్ పాడైందా? (కర్నూలు)

జ: మైక్ బాగానే ఉంది. పుష్ టు టాక్‌కి (మీట నొక్కినంతసేపే మైక్ తెరుచుకునే ఏర్పాటు) "వి" మీట పెట్టుకుని ఉంటారు. డిస్కార్డ్ ఆ మీటను ఏ విండోలో నొక్కినా వింటుంది. మీరు చాట్‌లో "విషయం", "వివరం", "విన్నాను" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన ప్రతిసారీ మైక్ తెరుచుకుంటోంది. మౌస్ పక్క బటన్‌కో, కుడి కంట్రోల్‌కో మార్చండి. మార్చాక గేమ్‌లో ఉన్నప్పుడు ఆ మీట పనిచేయకపోతే, గేమ్ అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తూ డిస్కార్డ్ మామూలుగా నడుస్తోందని అర్థం. రెండూ ఒకే హోదాలో తెరవండి.

ప్ర: తెలుగు తిట్లన్నీ డిస్కార్డ్ ఆటోమాడ్‌లో (చెడ్డ మాటలను తనంతట తనే ఆపే ఏర్పాటు) ఎక్కించాను. ఇప్పుడు మంచి మాటలు కూడా ఆగిపోతున్నాయి, తిట్లు మాత్రం దర్జాగా వెళ్తున్నాయి. (రాజమండ్రి)

జ: మీ జాబితా చూశాం. మీ పదసంపదకి నమస్కారం. అందులో ఒక్క మాట కూడా ఇక్కడ అచ్చు వేయలేం కాబట్టి పక్క నుంచి వివరిస్తాం.

మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో తిడతారు. అక్కడే వస్తుంది చిక్కు. జాబితాలో పదానికి రెండు పక్కలా నక్షత్రం గుర్తు పెడితే ఆ అక్షరాలు ఏ మాటలో ఎక్కడున్నా ఆటోమాడ్ పట్టేస్తుంది. మీరు అన్నిటికీ అలాగే పెట్టారు. ఫలితంగా "డెంగీ జ్వరం, వారం ఆడలేను" అన్న పాపానికి ఒకడు మ్యూట్ అయ్యాడు. "నువ్వు ముందా, నేను ముందా" అని అడిగినవాడి మెసేజ్ ఆగిపోయింది. సూళ్లూరుపేట కుర్రాడు తన ఊరి పేరు చెప్పుకోలేకపోతున్నాడు. రాకెట్లు ఎగిరే చోటికి పక్కనున్న ఊరు మీ ఫిల్టర్ మాత్రం దాటలేకపోతోంది. ఇక తిట్లలో బంధుత్వాలు ఎక్కువని "అమ్మ", "అక్క" కూడా చేర్చారు. "అమ్మ పిలుస్తోంది, ఐదు నిమిషాల్లో వస్తా" అనేవాడు ఏం చేయాలి?

బాగుచేసే వరస ఇది. నక్షత్రాలన్నీ తీసేయండి. నక్షత్రం లేని మాట పూర్తి పదంగా వస్తేనే ఆగుతుంది. వేరే ఏ మంచి మాటలోనూ ఇమడదని ఖాయంగా తెలిసిన పొడుగు తిట్లకే నక్షత్రం పెట్టండి. ప్రతి రూల్‌కి ఒక మినహాయింపు జాబితా ఉంటుంది, అందులో వంద మాటలు పడతాయి. డెంగీ, సూళ్లూరుపేట ముందు అక్కడికి వెళ్లాలి. ఒక సర్వర్‌కి సొంత పదాల రూల్స్ ఆరు, ఒక్కోదానిలో వెయ్యి మాటల దాకా కుదురుతాయి. అన్నీ ఒకే రూల్‌లో కుక్కకుండా ఘోరమైనవి ఒకచోట, మామూలువి ఇంకోచోట పెట్టండి. ఘోరమైనవాటికి ఆపడం, టైమవుట్ (కాసేపు నోరు కట్టేయడం) రెండూ. మామూలువాటికి మోడరేటర్లకు కబురు మాత్రం. కొత్తగా చేర్చిన ప్రతి మాటనూ మొదటి వారం కబురు పద్ధతిలోనే నడపండి. ఎంతమంది అమాయకులు పడుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

తిట్లు దర్జాగా వెళ్లడానికి కారణం స్పెల్లింగులు. ఒకే మాటలో దీర్ఘానికి రెండు "ఎ"లు పెట్టేవాళ్లు, ఒకటే పెట్టేవాళ్లు, "ద"కు "హెచ్" కలిపేవాళ్లు, కలపనివాళ్లు, మధ్యలో చుక్కలు పెట్టేవాళ్లు. వీటికి రెజెక్స్ (ఒకే నమూనాతో చాలా స్పెల్లింగులను పట్టే పద్ధతి) వాడాలి. రూల్‌కి పది, ఒక్కొక్కటి 260 అక్షరాల లోపు. ఆటోమాడ్ వాడేది రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష తరహా రెజెక్స్. ముందూ వెనకా ఏముందో చూసుకునే లుక్‌అహెడ్, లుక్‌బిహైండ్ ఇందులో లేవు. ఇంటర్నెట్‌లో దొరికిన దాన్ని అతికిస్తే ఎర్ర అక్షరాలతో తిప్పికొట్టేది అందుకే.

అన్నీ చేసి మీరే తిట్టు రాసి పరీక్షిస్తే అది హాయిగా వెళ్లిపోతుంది. మీరు ఓనరు కదా, అడ్మిన్లకు ఆటోమాడ్ వర్తించదు. ఏ హోదా లేని రెండో అకౌంట్‌తో పరీక్షించండి.

ఇంత చేసినా "ఏరా", "ఒరేయ్" సంగతి ఏ యంత్రమూ తేల్చలేదు. స్నేహితుడు అంటే ప్రేమ, కొత్తవాడు అంటే కయ్యానికి పిలుపు. తెలుగు సర్వర్‌కి తెలుగు మోడరేటర్ కావాలనేది ఇందుకే.

ప్ర: దొంగతనంగా వజ్రాలు తవ్వేవాణ్ని పట్టుకోవడానికి మైన్‌క్రాఫ్ట్ స్పెక్టేటర్ మోడ్‌లో (ఆడకుండా చూసేందుకు మాత్రమే ఉండే స్థితి) వెంటపడ్డాను. వాడు చాట్‌లో "అన్నా, టీ తాగావా" అన్నాడు. ఎలా తెలిసింది? (సిద్దిపేట)

జ: ట్యాబ్ మీట నొక్కితే వచ్చే ఆటగాళ్ల జాబితాలో స్పెక్టేటర్ల పేరు బూడిద రంగులో, వాలుగా కనిపిస్తుంది. గోడల్లోంచి దూరుతూ అదృశ్యంగా ఉన్నానని మీరనుకున్నారు, జాబితా మాత్రం మీ పేరు వంచి మరీ చూపించింది. జాబితాలోంచి కూడా తప్పించే వానిష్ ప్లగిన్ వాడండి. ఆ స్థితిలో ఉండగా అలవాటుకొద్దీ చాట్‌లో "హాయ్" అనకండి.

నిజానికి వెంటపడాల్సిన పనే లేదు. పేపర్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే సర్వరైతే, రాయి వెనకున్న ఖనిజాలను చూసే మోసాన్ని అడ్డుకునే యాంటీ ఎక్స్‌రే ఆన్ చేయించండి, సగం రోగం అక్కడే కుదురుతుంది. మిగతాది కోర్‌ప్రొటెక్ట్ లుకప్‌లో చూడండి: వాడు ఒక్కరోజులో ఎన్ని వజ్రాల ఖనిజాలు తీశాడు, అదే సమయంలో ఎంత రాయి తవ్వాడు. మైన్‌క్రాఫ్ట్ 1.18 వెర్షన్ నుంచి వజ్రాలు అడుగున, ఎత్తు చూపే వై అంకె మైనస్ 59 దగ్గర ఎక్కువ. అక్కడ తిన్నగా సొరంగం తవ్వుకుంటూ పోయేవాడు నిజాయితీపరుడు. సొరంగం ఉన్నట్టుండి మలుపు తిరిగి, సరిగ్గా ఖనిజం దగ్గర ఆగి, మళ్లీ మలుపు తిరిగితే వాడికి రాయి వెనక కనపడుతోంది. ఒక్క మలుపుకే తీర్పు చెప్పకండి, గుహ చప్పుడు విని తిరిగి ఉండొచ్చు. నాలుగైదు ఉండాలి.

రోల్‌బ్యాక్ చేసేటప్పుడు మూడూ రాయండి: ఎవరు, ఎంతసేపటి నుంచి, ఎంత దూరంలో. పేరు వదిలేస్తే ఆ చుట్టుపక్కల అందరి పనీ వెనక్కి పోతుంది. ముందు ప్రివ్యూ వేసి చూడండి, పొరపాటైతే అన్‌డూ ఉంది. పెట్టెలోంచి దొంగిలించిన వస్తువులు రోల్‌బ్యాక్‌తో పెట్టెలోకి వస్తాయి గానీ, మామూలుగా దొంగ జేబులోవి అలాగే ఉంటాయి. వాడి జేబు కూడా చూడకపోతే సర్వర్‌లో వస్తువులు రెట్టింపవుతాయి. పని అయ్యాక కోర్‌ప్రొటెక్ట్ ఇన్‌స్పెక్టర్ (బ్లాక్ మీద నొక్కితే దాని చరిత్ర చూపేది) ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఒక్క బ్లాక్ కూడా పగలదు, మీరు సర్వర్ పాడైందని ఓనర్‌ను నిద్ర లేపుతారు.

ప్ర: ఆదివారం ఆదివారం 25 టీమ్‌లతో బీజీఎంఐ కస్టమ్ రూమ్ నడుపుతాం. రూమ్, డిస్కార్డ్, లైవ్, పాయింట్లు అన్నీ నేనే. ఒక్క మ్యాచ్ కూడా టైముకి మొదలవట్లేదు. (గుంటూరు)

జ: 25 టీమ్‌లంటే వందమంది. వందమందిలో పదిమంది కచ్చితంగా "అన్నా ఐడీ" అని అడుగుతారు, ఐడీ వాళ్ల కళ్లముందే ఉన్నా అడుగుతారు. ఇది ఒక్కరు చేసే పని కాదు, ముగ్గురు కావాలి. రూమ్ పెట్టినవాడు ఫోన్ లేదా టాబ్లెట్ వదలడు, వేరే ఏ చాట్‌కీ జవాబివ్వడు. రెండోవాడు డిస్కార్డ్‌లో సహాయం చానెల్. మూడోవాడు పాయింట్లు, ఖాళీ ఉంటే లైవ్ చాట్.

ఐడీ, పాస్‌వర్డ్ పొరపాటున లైవ్ చాట్‌లో గానీ పబ్లిక్ చానెల్‌లో గానీ అతికించడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. నిమిషంలో బయటివాళ్లు స్లాట్లు నింపేస్తారు, అసలు టీమ్‌లు గేటు బయట. టీమ్‌లకు డిస్కార్డ్‌లో ఒక రోల్ (సభ్యులకిచ్చే హోదా) ఇచ్చి, ఆ రోల్ ఉన్నవాళ్లకే కనపడే చానెల్‌లో, మొదలవడానికి పదిహేను నిమిషాల ముందు పెట్టండి. ఆ చానెల్‌లో వాళ్లు రాయకుండా ఆపేయండి. లేకపోతే వంద "థాంక్స్ అన్నా"ల కింద ఐడీ పాతిపెట్టుకుపోతుంది. ప్రతి మ్యాచ్‌కి కొత్త పాస్‌వర్డ్. స్లాట్ జాబితా ముందురోజే వేసి, తప్పు స్లాట్‌లో కూర్చున్నవాణ్ని ఒక్కసారి చెప్పి తీసేయండి. రాని టీమ్ కోసం ఆగకండి. ఒక్క వారం టైముకి మొదలుపెట్టి నాలుగు టీమ్‌లను బయట వదిలితే, తరవాతి వారం అందరూ పది నిమిషాలు ముందే ఉంటారు. కఠినంగా అనిపించినా పనిచేసేది ఇదొక్కటే.

లైవ్‌లో రూమ్ స్క్రీన్ చూపించకండి. యూట్యూబ్ లైవ్ సెట్టింగ్‌లలో 30 లేదా 60 సెకన్ల ఆలస్యం పెట్టుకునే వీలుంది. లైవ్ చూస్తూ పక్క టీమ్ ఎక్కడ దాక్కుందో కనిపెట్టేవాళ్లుంటారు, ఆ ఆలస్యం వాళ్ల కోసం. దానివల్ల మీ పక్క తెరలో లైవ్, ముందు తెరలో ఆట వేర్వేరు సమయాల్లో నడుస్తాయి. లైవ్ ట్యాబ్ శబ్దం ఆపేయకపోతే చచ్చినవాడు మళ్లీ చస్తున్నట్టు వినిపించి మీకు తల తిరుగుతుంది.

పాయింట్లకి అధికారిక టోర్నీల లెక్కే తీసుకోండి: మొదటి స్థానానికి 10, తరవాత వరసగా 6, 5, 4, 3, 2, 1, 1. ప్రతి కిల్‌కి 1. మూడో స్థానంలో ఉండి ఏడు కిల్స్ చేసిన టీమ్‌కి 12, గెలిచి రెండే కిల్స్ చేసిన టీమ్‌కీ 12. ఎవరు పైన? చికెన్ డిన్నర్ (మ్యాచ్ గెలుపు) ఉన్నవాళ్లు పైన అని మ్యాచ్‌కి ముందే నియమాల్లో రాసి ఉంచండి. తరవాత రాస్తే ఏం రాసినా అన్యాయమే అంటారు. మ్యాచ్ అయిన క్షణంలో ఫలితాల స్క్రీన్‌షాట్ తీశాకే వేరే పని.

ఎంట్రీ ఫీజు పోగుచేసి గెలిచినవాళ్లకి పంచే ఆలోచన ఉంటే మానుకోండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, కేంద్ర చట్టం 2025లో వచ్చింది. వాటి అంచున నడవడం మోడరేటర్ సర్దగలిగే తలనొప్పి కాదు.

ప్ర: అర్ధరాత్రి రెండు వందల దొంగ అకౌంట్లు ఒక్కసారి డిస్కార్డ్‌లోకి పడ్డాయి. ముగ్గురం మోడరేటర్లం ఉండీ చేతులెత్తేశాం. (ఖమ్మం)

జ: ముగ్గురూ ఒకే వెధవని బ్యాన్ చేస్తూ కూర్చుని ఉంటారు. లోపలున్నవాళ్లను ఏరడం రెండో పని, ముందు తలుపు వేయాలి. ఒకరు ఇన్వైట్లు (చేరే లింకులు) పాజ్ చేయాలి. రెండోవారు వెరిఫికేషన్ స్థాయిని పెంచాలి. "హై" అంటే సర్వర్‌లో పది నిమిషాలు ఉంటేగానీ మాట్లాడలేరు, "హయ్యెస్ట్" అంటే ఫోన్ నంబరు ధ్రువీకరించాలి. మూడోవారు పెద్ద చానెళ్లలో స్లో మోడ్ (మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య ఆగాల్సిన సమయం) పెట్టాలి. అది ఐదు సెకన్ల నుంచి ఆరు గంటల దాకా ఎంతైనా పెట్టొచ్చు. తరవాత సభ్యుల పేజీలో చేరిన తేదీ ప్రకారం వరస పెడితే గుంపంతా ఒకేచోట కనపడుతుంది. బ్యాన్ చేసేటప్పుడు గత గంట మెసేజ్‌లు తీసేయమంటే చెత్త కూడా పోతుంది. మరీ వారం రోజులవి ఎంచుకోకండి, రేపు ఆధారం కావాలంటే ఉండదు.

"అందరూ జాగ్రత్త" అని ఎవ్రీవన్ పింగ్ మాత్రం కొట్టకండి. నిద్రపోతున్న ఐదు వందలమందిని లేపి తమాషాకి పిలిచినట్టవుతుంది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ మీద పడితే వైట్‌లిస్ట్ (జాబితాలో పేరున్నవాళ్లనే రానిచ్చేది) ఆన్ చేయండి. కానీ సర్వర్ సెట్టింగుల్లో "ఎన్‌ఫోర్స్ వైట్‌లిస్ట్" కూడా పెట్టి లేకపోతే అది కొత్తవాళ్లనే ఆపుతుంది, అప్పటికే లోపలున్నవాళ్లు ఉంటారు.

ప్ర: ఒకణ్ని ఐపీ బ్యాన్ చేస్తే వాళ్ల హాస్టల్ మొత్తం రాలేకపోతోంది. (తిరుపతి)

జ: హాస్టల్ వైఫై అంతా బయటికి ఒకే ఐపీ (ఇంటర్నెట్‌లో కనెక్షన్ చిరునామా). మొబైల్ డేటా అయితే ఇంకా విడ్డూరం: నెట్‌వర్క్ ఒకే ఐపీని ఎందరికో పంచుతుంది, పైగా మారుస్తుంటుంది. మీరు బ్యాన్ చేసినవాడు విమానం మోడ్ ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చేస్తే కొత్త ఐపీతో వస్తాడు, వాడి పాత ఐపీ అందిన అమాయకుడు బయటుంటాడు. మన దగ్గర ఐపీ బ్యాన్ గంటా రెండు గంటల ఆపద్ధర్మానికే. తరవాత తీసేసి అకౌంట్ మీదే బ్యాన్ ఉంచండి.

ప్ర: మాది న్యూజెర్సీ. ఇక్కణ్నుంచి ఆంధ్రా సర్వర్‌కి మోడరేటర్‌ని. ఏ షిఫ్ట్ తీసుకుంటే మేలు? (ఎడిసన్)

జ: ఇక్కడ రద్దీ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు. అది వేసవిలో మీకు పొద్దున్న పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర, చలికాలంలో ఒక గంట ముందు. ఆఫీసు వేళలో రెండో తెర మీద అది తెరిచే ఆలోచన ఉంటే మేం ఏమీ అనం, మీ మేనేజర్ అంటారు. మీరు నిజంగా పనికొచ్చేది ఇక్కడ అందరూ నిద్రపోయే రెండు నుంచి నాలుగు మధ్య, అప్పుడు మీకు సాయంత్రం. దాడులు ఎక్కువగా కాపలా లేని ఆ వేళనే వస్తాయి. నవంబర్‌లో, మార్చిలో మీ గడియారం మారే వారం షిఫ్టుల పట్టీ మళ్లీ రాయించండి. ఆ రెండు వారాంతాల్లోనే సర్వర్ ఓ గంట అనాథగా ఉంటుంది.

ప్ర: ఈ పని మొట్టమొదట ఎవరు చేశారు? (కాకినాడ)

జ: తొలి పేరు చెప్పడం కష్టం గానీ, ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన మడ్ అనే ఆటలో ఉన్న మాంత్రికులు ఈ వంశానికి మూలపురుషులే. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. ఆటలో చివరిదాకా గెలిచినవాడు మాంత్రికుడై మిగతావాళ్లను అదుపులో పెట్టేవాడు. తెర మాత్రం ఒక్కటే.

ప్ర: కరెంటు పోయినప్పుడల్లా సరిగ్గా గొడవ మధ్యలో మాయమైపోతున్నాను. ఇన్వర్టర్ ఉంది, అయినా ఇంతే. (నంద్యాల)

జ: ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తలోనే రౌటర్ ఆరి వెలుగుతుంది. మళ్లీ నెట్ అందుకోవడానికి దానికి రెండు మూడు నిమిషాలు. రౌటర్ వెనక స్టిక్కర్ మీద వోల్టేజ్, ఆంపియర్లు చూసి, ఎక్కువగా 12 వోల్టులే ఉంటాయి, అదే రేటింగ్ ఉన్న మినీ యూపీఎస్ కొని మధ్యలో పెట్టండి. ఆంపియర్లు తక్కువది కొంటే రౌటర్ ఆగాగి ఆరుతుంది. ఫైబర్ కనెక్షనయితే గోడకున్న చిన్న పెట్టెకి కూడా వేరే కరెంటు కావాలి, దాన్ని మర్చిపోయి రౌటర్‌కి మాత్రమే పెట్టేవాళ్లే ఎక్కువ. కంప్యూటర్‌కి 600 వీఏ యూపీఎస్ ఉంటే, రెండో మానిటర్ దానికి తగిలించకండి. ఒక్క మానిటరైతే షిఫ్ట్ అప్పజెప్పేంత సమయం దొరుకుతుంది. డిస్కార్డ్ ఫోన్‌లో కూడా లాగిన్ చేసి ఉంచుకోండి, టైమవుట్ కొట్టడానికి అది చాలు.